ఇంజిను తిరిగినన్ని దినాలు

బండి బాగా నడుస్తోందని దిగులుపడే డ్రైవరు ఈ లోకంలో ఉంటాడా అంటే, తిరుత్తణి దగ్గర కనకమ్మ సత్రం అనే ఊళ్ళో ఒకడుండేవాడు. పేరు సుదర్శనం. వరదన్ గారి పాత అంబాసిడర్ నడిపేవాడు. పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, సీట్లో కూర్చుని సెల్ఫు లాగితే చాలు, ఆ బండి దగ్గకుండా, తుమ్మకుండా, ఒక్క ఊపున అందుకునేది. ఇంకొకడైతే స్టీరింగును కళ్ళకద్దుకునేవాడు. సుదర్శనం మాత్రం మొహం ముడుచుకునేవాడు. ఇవాళ కూడా చావలేదు పాడుబండి, అనుకునేవాడు. అనుకుని ఊరుకున్నా బాగుండేది. వెంటనే కిందికి దిగి, బానెట్టెత్తి, ఆయిలెంతుందో చూసి, బెల్టు నొక్కి చూసి, తుడిచి మూసేవాడు. తిట్టే నోరూ అతనిదే, కాపాడే చెయ్యీ అతనిదే. అలాంటి మనిషిని ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

దీనికంతటికీ మూలం అతని తండ్రి మునికృష్ణ. ఆ బండిని షోరూము నుంచి తెచ్చిన మొదటి డ్రైవరు ఆయనే. మార్గళి నెల చలిలో ఒక తెల్లవారుజామున, తిరుత్తణి రోడ్డులో మంచు పొగలా కమ్ముకుని ఉండగా, సైకిలు మీద అడ్డొచ్చిన ముసలాయన్ని బండి గుద్దేసింది. ఆయన అక్కడికక్కడే పోయాడు. ఊళ్ళో జనం కర్రలు పట్టుకుని వచ్చారు. వెనక సీట్లో కూర్చున్న వరదన్ దిగి, మునికృష్ణను తన వెనక్కి నెట్టి, బండి నడిపింది నేనే అన్నాడు. అదే మాట పోలీసులకూ చెప్పాడు, తిరువళ్ళూరు కోర్టులోనూ చెప్పాడు. పెద్ద రైతు, పలుకుబడి ఉన్నవాడు గనుక బయటపడ్డాడు. అదే మునికృష్ణ అయితే జైల్లో మగ్గిపోయేవాడు. ఇందులో వరదన్ ఆశించింది ఏమీ లేదు, ఏమాటకామాట చెప్పుకోవాలి.

ఆ తర్వాత వచ్చిన ఆడి కృత్తిక పండగకు అందరూ తిరుత్తణి కొండెక్కారు. స్వామి ఎదురుగా మునికృష్ణ అరచేతిలో కర్పూరం వెలిగించాడు. ఈ బండి ఇంజిను తిరిగినన్ని దినాలు మా ఇంటి మనిషి ఒకడు దీనికి డ్రైవరుగా అయ్య దగ్గర ఉంటాడని చెప్పి, రెండో చేత్తో ఆ మంటను ఆర్పేశాడు. ఆ వైపు జనానికి కర్పూరం ఆర్పి చెప్పిన మాటంటే ఇంక తిరుగులేదు. కోర్టులో అబద్ధం చెప్పేవాళ్ళుంటారు గానీ, కర్పూరం ఆర్పి మాట తప్పినవాడి వంశం నిలవదంటారు. మీసం కూడా సరిగ్గా మొలవని సుదర్శనం పక్కనే నిలబడి చూశాడు. పెద్దాయన చేతి మీద బొబ్బ వారంలో మానిపోయింది. అసలు కాలింది కొడుకు బతుకని అప్పుడెవరికీ తెలియలేదు.

పోనీ, ఇంజిను ఎన్నాళ్ళు తిరుగుతుంది? అందరూ అదే అనుకున్నారు. మునికృష్ణ ఊరుకుంటేగా. మాటిచ్చాక ఆయనకు కొత్త భయం పట్టుకుంది. తన అజాగ్రత్త వల్ల ఇంజిను పోతే అదీ మాట తప్పినట్టే కదా అని. మద్రాసు పోయి, మిలిటరీ వాళ్ళు తీసేసిన లారీల సామాను అమ్మేచోట వెతికి, కొసన అయస్కాంతం బిగించిన డ్రెయిన్ ప్లగ్గు ఒకటి పట్టుకొచ్చాడు. ఇంజిను అడుగున ఆయిలు తీసెయ్యడానికి ఒక బోల్టు ఉంటుంది చూడండి, అదే. మరలు కుదరకపోతే లేతు పట్టించి అంబాసిడరుకు సరిపోయేలా చేయించాడు. ఇంజిను లోపల ఇనుము ఇనుముతో రాసుకుని రాలే పొడి ఆయిల్లో తిరుగుతూ మిగతా భాగాలను గీకెయ్యకుండా ఆ అయస్కాంతం పట్టి ఉంచుతుంది. ఆయిలు మార్చిన ప్రతిసారీ ప్లగ్గు విప్పి చూస్తే ఇంజిను ఆరోగ్యం ఏమిటో తెలిసిపోతుంది. నల్లటి మెత్తటి పేస్టు అంటుకుని ఉంటే మామూలు అరుగుదల. ముక్కలు కనిపించాయా, లోపల ఏదో చచ్చిపోతున్నట్టు లెక్క.

మునికృష్ణకు కళ్ళలో పొరలు వచ్చి స్టీరింగు కొడుక్కి ఇచ్చాక కూడా ఆ ప్లగ్గు మాత్రం వదల్లేదు. విప్పిన ప్లగ్గును తుడవకుండా తెచ్చి ఆయన చేతిలో పెట్టాలి. బొటనవేలితో ఆ నల్లటిది తీసి, చూపుడువేలి మీద రాసి, తలొంచుకుని కాసేపు కూర్చునేవాడు. "మాలావు పిండి మాదిరి ఉండాది" అనేవాడు చివరికి. మెత్తగా ఉందని, అంటే ఇంజిను బాగుందని అర్థం. రోడ్డు మీద టాక్సీలవాళ్ళు కూడా ఆ అయస్కాంతం ప్లగ్గులు తెచ్చి తమ బండ్లకు వేయించుకుని, చూపించుకోవడానికి ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. మునికృష్ణ ఇంజిన్లకు నాడి చూస్తాడని వేళాకోళం చేసేవాళ్ళు. చేస్తూనే ఆయన పోయిందంటే ఇంజిను దించేవాళ్ళు, ఉందంటే తిప్పేవాళ్ళు. ఆయన వేలు తప్పిందని ఎవరూ అనగా వినలేదు.

ఇంత కాపలా పెట్టాక ఇంజిను ఎలా చస్తుంది? చావలేదు. పదిహేనేళ్ళు గడిచాయి.

ఈ పదిహేనేళ్ళలో సుదర్శనానికి పెళ్ళయింది. మేనమామ కూతురు కాంచన. కారు డ్రైవరు మొగుడని సంబరంగా వచ్చింది. వచ్చి చూస్తే కాపురం వరదన్ గారి పెరట్లో, పశువుల కొట్టం పక్కన ఒంటి గది. సగం గదిలో వరదన్ గారి వేరుశనగ మూటలు. కూలీలు ఎప్పుడంటే అప్పుడు వచ్చి మూట ఎత్తుకుపోతారు గనుక ఆ తలుపుకు లోపల గడియ పెట్టలేదు. కొత్త పెళ్ళికూతురు చీర మార్చుకోవాలంటే మొగుడు బయట కావలి కూర్చోవాలి. కాపురానికి వచ్చిన వారంలో వరదన్ భార్య రంగనాయకమ్మ పిలిచి, కాస్త వంటింట్లో సాయం చెయ్యమ్మా అంది. ఆ కాస్త ఇప్పటికీ పూర్తి కాలేదు.

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళయితే ఒకరోజు చొక్కా దులుపుకుని పోవచ్చు. వరదన్ ఎప్పుడూ కసిరి ఎరగడు, పండగకు అందరికంటే ముందు మునికృష్ణకే పంచె పెట్టేవాడు. అంత మంచిగా చూసేవాళ్ళను వదిలి ఎక్కడికని పోతారు? తండ్రి దగ్గర ఈ మాట ఎత్తితే ఆయన పొరలు కమ్మిన కళ్ళు ఇటు తిప్పి, కర్పూరం ఆర్పినానురా అనేవాడు. అంతటితో మాట ముగిసేది.

అలాంటి రోజుల్లో కాంచన అన్న తంగరాజు వచ్చాడు. కవరైపేట్టై దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కంపెనీ లారీకి డ్రైవరు కావాలట, తన మాట చెల్లుతుందట, వచ్చే ఆవణి నెల పుట్టేలోపు వచ్చి చేరాలట. ఉండటానికి కంపెనీ క్వార్టర్సు ఇస్తుందట. తంగరాజు ఇంకా ఏవేవో చెప్పాడు గానీ కాంచన ఒక్కటే అడిగింది, తలుపుకు లోపల గడియ ఉంటుందా అని. తంగరాజు నవ్వాడు. గడియ లేని తలుపు యాడన్నా ఉంటాదా అన్నాడు. కాంచన నవ్వలేదు. మొగుడి వైపు చూసింది.

ఆ సాయంత్రం కాంచన అరవలేదు, ఏడవలేదు. "బావా, ఆ బండి చచ్చేదా, మనం చచ్చేదా, ఏదో ఒకటి తేల్చు" అంది. చెప్పి వంటింటికి పోయింది.

తేల్చే పని వరదన్ చేశాడు, వేరే రకంగా. ఎప్పుడో డబ్బు కట్టిన కొత్త ఫియట్ వచ్చింది. దాన్ని ఆయన కొడుకే నడుపుకుంటాడు. పాత బండిని తిరువళ్ళూరులో ఉన్న అల్లుడు లోకనాథానికి ఇస్తానన్నాడు. బండితోపాటు సుదర్శనం కుటుంబాన్ని కూడా. మాట ప్రకారం బండి ఎక్కడుంటే వీళ్ళక్కడ అని ఆయన ఉద్దేశం. వీళ్ళను వేరు చెయ్యకూడదనే మంచితనం కూడా అందులో ఉంది, పాపం. లోకనాథానికి రైస్ మిల్లుంది. మామ మాట వినగానే అతను ముగ్గురికీ చోట్లు పంచేశాడు. డ్రైవరు మిల్లులోనే చాప వేసుకోవచ్చు, బండి పనిలేనప్పుడు మూటలు ఎంచొచ్చు. ఆడమనిషి ఇంట్లో పనికి. ముసలాయన గేటు దగ్గర.

కాకపోతే లోకనాథానికి ఒక అనుమానం. ఇంత పాత బండి తన ఇంటికొచ్చిన మర్నాడే ఇంజిను పోతే? దానికి వరదన్ నవ్వి, శుక్రవారం రా మాప్పిళ్ళా, నీ ఎదురుగానే ఆయిలు మారుద్దాం, మా మునికృష్ణ వేలు పెట్టి బాగుందంటే తోలుకుపో, బాగలేదంటే పాత ఇనుముకు పడేద్దాం అన్నాడు. అల్లుడు ఒప్పుకున్నాడు.

ఈ సంగతి వినగానే సుదర్శనం లెక్క వేసుకున్నాడు. ఈ గది అయినా నయం, కనీసం తెలిసిన గోడలు. ఆ మిల్లులో చాప మీద పడుకుని, పెళ్ళాం ఒకచోట, తండ్రి ఒకచోట, ఈ బండి చచ్చేదాకా. బండి చావదు. చావదని అందరికంటే అతనికే బాగా తెలుసు, చావకుండా చూసుకున్నది తనే గనుక. శుక్రవారం తండ్రి వేలు పిండి మాదిరి ఉందంటుంది, ఇంక అంతే.

బుధవారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ భోంచేసి పడుకున్నాక సుదర్శనం స్పానరు పట్టుకుని బండి కిందికి దూరాడు. ప్లగ్గు సగం వదులు చేస్తే చాలు, రేపు అయ్యను తీసుకుని తిరువళ్ళూరు పోయే దారిలో ఆయిలంతా కారిపోతుంది, ఇంజిను పట్టేస్తుంది, పీడా విరగడవుతుంది. వదులు చేశాడు. ఒక చుక్క వచ్చి అతని చెంప మీద పడింది. రెండో చుక్క పడింది. మూడోది పడేలోపల అతని చెయ్యి దానంతటదే స్పానరుతో ప్లగ్గును బిగించేసింది. పైగా గుడ్డతో దాని చుట్టూ తుడిచింది. అలాగే బండి కింద పడుకుని తన చేతిని తానే కాసేపు తిట్టుకున్నాడు. పిల్లవాడప్పటి నుంచి దాన్ని కాపాడటానికే అలవాటు పడిన చెయ్యి అది. దాంతో ఆ పని కాదు.

ఇంజినును చంపలేకపోతే చచ్చినట్టు చూపిస్తే? ఆ ఆలోచన బండి కింద ఉండగానే వచ్చింది. లేచి, ఒక పాత బోల్టు పట్టుకుని, గది వెనక కూర్చుని ఆకురాయితో రాశాడు. ఇనుప రజను కాగితంలో పట్టాడు. తళతళలాడుతుంటే అనుమానం వస్తుందని పాత ఆయిల్లో నానబెట్టాడు. పనంతా అయ్యాక కాంచనకు చెప్పాడు. ఆమె కాగితం విప్పి చూసి, మళ్ళీ మడిచి ఇచ్చింది. మామకు తెలిస్తే, అని మాత్రం అడిగింది. కళ్ళు లేని మనిషికి ఏం తెలుస్తుందన్నాడు. ఆ ముసలాయన అన్నేళ్ళుగా ప్లగ్గు చూసింది కళ్ళతో కాదు, వేలితో అన్న సంగతి అతనికి ఆ క్షణం తట్టలేదు.

శుక్రవారం లోకనాథం వచ్చాడు. బండి చుట్టూ తిరిగి రేకు మీద వేలితో కొట్టి చూశాడు. వరదన్ అరుగు మీద కూర్చున్నాడు, పక్కన మెట్టు మీద మునికృష్ణ. సుదర్శనం ఇంజినును కాసేపు తిప్పి ఆపి, బేసిన్ పెట్టి బండి కిందికి దూరాడు. వేడి ఆయిలు ధారగా దిగింది. ప్లగ్గు కొసన ఎప్పటిలాగే నల్లగా, మెత్తగా ఉంది. అంత ఆరోగ్యంగా ఉన్న ఇంజినును చూస్తే ఎవరికైనా సంతోషం కలగాలి. అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. జేబులోంచి కాగితం తీసి, రజను దానికి అంటించి, వేలితో నల్లటి పేస్టులో కలిసేలా అద్దాడు. అద్ది, బయటికొచ్చి, తుడవకుండా తీసుకెళ్ళి తండ్రి చేతిలో పెట్టాడు.

మునికృష్ణ బొటనవేలితో తీసి చూపుడువేలి మీద రాశాడు. వేలు ఆగింది. మళ్ళీ తీశాడు, ఈసారి మెల్లగా రాశాడు. తర్వాత ఎన్నడూ చెయ్యని పని చేశాడు. తలెత్తి, కొడుకు నిలబడిన వైపు ముఖం తిప్పాడు. ఆ కళ్ళకు ఏమీ కనపడదని తెలిసి కూడా సుదర్శనం తల దించుకున్నాడు. వంటింటి గుమ్మంలో కాంచన చేతిలో చేట అలాగే ఉండిపోయింది.

"ఇంజిను పోయిందయ్యా" అన్నాడు మునికృష్ణ.

వరదన్ ముఖం వాడిపోయింది. లోకనాథం మాత్రం వదల్లేదు. పోయిన వారం బండి తిరువళ్ళూరు దాకా బాగానే వచ్చింది కదా అన్నాడు. మునికృష్ణ తొణకలేదు. కడసారి దాకా అట్లనే నడస్తాది, లోపల గుల్లయినాక ఒక్కసారిగా పట్టుకుంటాది అన్నాడు. అయితే ఇంజిను అడుగున ఆయిలుండే సంపు విప్పించి చూద్దామా మామా అన్నాడు లోకనాథం. విప్పితే లోపల అంతా అద్దంలా ఉంటుంది.

వరదన్‌కు కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం ఆ ఇంట్లో వాళ్ళు చూసిందే తక్కువ. "మాప్పిళ్ళా, ఈ మనిషి చెయ్యి పెట్టి చెప్పినాక నేను విప్పి చూస్తే, ఆయనకీ మర్యాద కాదు, నాకూ కాదు" అన్నాడు. లోకనాథం నోరు మూసుకున్నాడు. వరదన్ మెట్టు మీదికి దిగి మునికృష్ణ భుజం మీద చెయ్యి వేశాడు. చెప్పిన మాట కడదాకా నిలబెట్టుకున్నావు, ఇంక మీవాణ్ణి వాడి దోవ చూసుకోనీ అన్నాడు. మునికృష్ణ రెండు వేళ్ళూ పంచెకు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అంత తేలిగ్గా తెగిపోయింది. పదిహేనేళ్ళ ముడి. సుదర్శనానికి ఎగిరి గంతేయాలనిపించాలి. అతను మాత్రం బేసిన్లో పాత ఆయిలు ఒలక్కుండా ఎత్తి పక్కన పెట్టాడు.

శనివారం తిరుత్తణి నుంచి పాత ఇనుము అంగడి ఆరుముగం లారీ వేసుకుని వచ్చాడు. బండిని చూసి, ఆయిలు పోసి నడిపించుకునే పోదాం, తాడెందుకు అన్నాడు. స్టీరింగు పట్టడానికి సుదర్శనం సీట్లో కూర్చున్నాడు. కూర్చోగానే, చూడండి అలవాటు ఎలాంటిదో, చెయ్యి దానంతటదే సెల్ఫు మీదికి పోయింది. లాగితే ఒక్క ఊపున అందుకుంటుంది. వరదన్ అరుగు మీదే ఉన్నాడు, వినేస్తాడు.

"ముట్టద్దురా దాన్ని." డోరు చప్పుడు విన్న మునికృష్ణ గొంతు, మెట్టు మీంచి.

ఆయన అంత గట్టిగా మాట్లాడగా సుదర్శనం ఎప్పుడూ వినలేదు. ఆరుముగం కూడా ఉలిక్కిపడ్డాడు. ఇప్పుడు తిప్పితే రాడ్డు విరిగి ఇంజిను పగిలిపోతుందని, తాడు కట్టి లాక్కునే పోవాలని ముసలాయన చెప్పాడు. ఆరుముగం తల గోక్కుని తాడు కట్టాడు. ఏ జబ్బూ లేని బండి తాడుతో లాగించుకుంటూ గేటు దాటి పోయింది. సుదర్శనం రోడ్డు మలుపు దాకా స్టీరింగు పట్టి, అక్కడ ఆరుముగం మనిషికి ఇచ్చి వెనక్కి నడిచాడు. తండ్రికి తెలుసు. ఆ సంగతి నడుస్తుంటే మెల్లమెల్లగా తలకెక్కింది. నిన్న వేలు ఆగినప్పటి నుంచీ తెలుసని కూడా అర్థమయింది.

గదికి వచ్చేసరికి కాంచన పెట్టె సర్దుతోంది. సత్తుగిన్నెలు మూట కట్టింది. ముఖంలో ఎన్నేళ్ళకో వెలుగు. మునికృష్ణ మంచం మీద కూర్చుని ఉన్నాడు. సుదర్శనం ఏమీ ఎరగనట్టు, "నాయనా, నీ గుడ్డలు యాడ పెట్టినావు?" అన్నాడు.

"నావి ఉండనీ."

కాంచన చేతులు ఆగాయి. ముసలాయన మెల్లగా చెప్పాడు, కోపం లేకుండా, ఎవరికో ప్లగ్గు చూసి చెబుతున్నట్టు. "అరిగి రాలిన ఇనుము పొలుసు మాదిరి ఉంటాదిరా. వేళ్ళ నడమ జారిపోతాది. ఆకురాయి రాల్చింది కొక్కి మాదిరి తోలును పట్టుకుంటాది. నా ఏలికి తెలీదనుకున్నావా?"

మరి ఎందుకు చెప్పలేదని సుదర్శనం అడిగాడు. అడిగాక తన గొంతు తనకే పిల్లవాడి గొంతులా వినిపించింది.

"చెప్పింటే ఆ మిల్లులో మూటలు ఎంచతా ముసలోడివి అయిపోతావు. కర్పూరం ఆర్పేటప్పుడు నిన్ను అడగలా నేను. పక్కనే ఉండావు, అయినా అడగలా." కర్పూరం వెలిగించిన అరచేతిని మోకాలికి రుద్దుకున్నాడు. "దానికి ఇది సరిపాయ. పోండి."

అయితే నువ్వూ రా, ఎవరికి తెలుస్తుందన్నాడు సుదర్శనం. మునికృష్ణ తల అడ్డంగా ఊపాడు. ఆరుముగం ఆ ఇంజినును పగలగొట్టడు, విప్పి చూడగానే అతనికి తెలిసిపోతుంది, నోరు మూసుకుని ఏ టాక్సీలోనో ఎక్కిస్తాడు అన్నాడు. "అది తిరగతానే ఉంటాది. తిరిగినన్ని దినాలు మన ఇంటి మనిషి ఒకడు అయ్య దగ్గిర ఉండాల. స్టీరింగు లేకపోతే పోయె, మనిషన్నా ఉండాల గదా. అబద్ధం ఆడినాను గానీ మాట తప్పలా."

కాంచన కట్టిన మూట విప్పెయ్యబోయింది. మామ రాకపోతే తానూ కదలనంది. ముసలాయన చెయ్యి చాచి, వెతుక్కుని, ఆమె చెయ్యి పట్టి ఆపాడు. "నువ్వు పోకుంటే నేను ఆడిన అబద్ధం దండగైపోతాది, అమ్మణ్ణీ" అన్నాడు. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. గడియ లేని తలుపు తోసుకుని ఒక కూలి లోపలికొచ్చి, మూట భుజానికెత్తుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

సుదర్శనం గది బయటికొచ్చి కొట్టం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వరదన్ దగ్గరికి పోయి నిజం చెప్పెయ్యాలనిపించింది. చెబితే? పదిహేనేళ్ళుగా ఒక్కసారీ తప్పని వేలు అబద్ధమాడిందని ఊరంతా తెలుస్తుంది. అల్లుడి ఎదుట ఎవరి మర్యాద కోసం వరదన్ కోప్పడ్డాడో ఆ మర్యాద మట్టిలో కలుస్తుంది. బండి వెనక్కి వస్తుంది, ముగ్గురూ తిరువళ్ళూరు పోతారు. చెప్పకపోతే తండ్రి ఇక్కడే, ఈ మూటల మధ్యనే, చూపు లేకుండా, ఒంటరిగా. ఎటు తిరిగినా తాను అద్దిన ఇనుప రజనే. ముసలాయన తాను చెయ్యని మోసానికి శిక్ష అనుభవిస్తుంటే, చేసినవాడు కొత్త ఇంటికి పోతున్నాడు. పోకుండా ఉండిపోదామా అనుకున్నాడు. ఉండిపోతే తండ్రి కళ్ళలోకి, ఆ పొరల కళ్ళలోకి, ఎలా చూడాలి? కాంచన వచ్చి, పొద్దున బస్సు ఎప్పుడని అడిగింది. చెప్పాడు.

మర్నాడు బయల్దేరే వేళకు వరదన్ స్వయంగా పెరట్లోకి వచ్చాడు. కాంచనకు రంగనాయకమ్మ పంపిన చీర ఇచ్చి, వెళ్ళి రండమ్మా అన్నాడు. మంచం మీద కదలకుండా కూర్చున్న మునికృష్ణను చూసి ఆశ్చర్యపోయాడు. మాట తీరిపోయిందిగా, ఇంక నీకు ఇక్కడేం పని, కొడుకుతో పోయి హాయిగా ఉండవయ్యా అన్నాడు. నిజంగానే ఆయన మంచి కోరే అన్నాడు.

మునికృష్ణ నవ్వాడు. కవరైపేట్టై నీళ్ళు తనకు పడవని, ఆ ఫ్యాక్టరీ పొగకు దగ్గొస్తుందని, ఇక్కడే ఒక మూల పడి ఉంటానని చెప్పాడు. ఆ వయసులో మనిషి బతిమాలుకున్నట్టుగా చెప్పాడు. వరదన్ ముఖం విప్పారింది. ఆయన కళ్ళు కూడా చెమ్మగిల్లాయి.

"చూసినావా సుదర్శనం, మీ నాయనకి నన్ను వదిలిపెట్టి పోయేదానికి మనసు రాలా" అన్నాడు.

సుదర్శనం తండ్రి వైపు చూశాడు. తండ్రి ఇటు తిరగలేదు.

"అవునయ్యా" అన్నాడు సుదర్శనం. పెట్టె నెత్తికెత్తుకుని, కాంచన వెనకాలే బస్సు నిలిచే చోటికి నడిచాడు.